ఋణవిముక్తి: గృహస్థుని తపస్సు

మహాభారతమున అరణ్యపర్వము చివర యక్షుడు ధర్మరాజును పెక్కు ప్రశ్నలు అడుగును. లోకమున సుఖించువాడెవ్వడు అనునది వానిలో ఒకటి. ఇంద్రప్రస్థ వైభవమును అనుభవించినవాడు, రాజసూయము చేసినవాడు అగు ధర్మరాజు చెప్పిన సమాధానము మిక్కిలి చిన్నది. అప్పు లేకుండ, పరదేశమున పడియుండకుండ, తన యింట కూరాకు వండుకొని తినువాడే సుఖి యని ఆతని భావము. ఈ మాట పలికిననాటికి ఆతడు రాజ్యమును జూదమున పోగొట్టుకొని, పండ్రెండేండ్ల వనవాసము చివరకు వచ్చియున్నాడు. పోగొట్టుకొనుట యేమో ఎరిగినవాని నోట వచ్చిన మాట గనుకనే అది నేటికిని నిలిచియున్నది.

ఆ సమాధానములో పంచభక్ష్యముల ప్రసక్తి లేదు, మేడల ప్రసక్తి లేదు. కూరాకుతో భోజనమైనను సరియే, అది అప్పు లేని భోజనమై యుండవలెనని ఆతడు చెప్పినాడు. ఇది విన్న ఋణగ్రస్తునకు ఒక సందేహము కలుగకపోదు. అప్పు లేనివాడు సుఖియైనచో, అప్పున్నవానికి అది తీరువరకు సుఖమనునది లేదా? ఐదేండ్లు, పదేండ్లు వాయిదాలు కట్టవలసిన సంసారి ఆ యేండ్లన్నియు జీవితము కానట్లే గడుపవలసినదేనా? ఈ ప్రశ్న నేడు వేలకొలది గృహములలో రాత్రివేళ మేలుకొనియున్న ప్రశ్న. దీనికి శాస్త్రము, మహాపురుషుల జీవితములు ఏమి చెప్పుచున్నవో విచారింపవలసియున్నది.

పుట్టుకతో వచ్చిన అప్పు

వైదిక సంప్రదాయమున ఋణమను మాటకు లోతైన అర్థము కలదు. మానవుడు మూడు ఋణములతో పుట్టునని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. ఋషుల ఋణము అధ్యయనముచేతను, దేవతల ఋణము యజ్ఞముచేతను, పితరుల ఋణము సంతానముచేతను తీరును. తాను పుట్టించని భాష, తాను నాటని చెట్టు, తాను త్రవ్వని చెరువు, ఇవన్నియు ఒకరు ఇచ్చినవి, తాను పుచ్చుకొన్నవి. కావున అప్పుపడియుండుట మానవునకు వింత కాదు. ఎవ్వనికిని ఏమియు బాకీ లేనని చెప్పగలవాడు భూమిపై లేడు.

దీనినిబట్టి ఒక ధైర్యము కలుగవలెను. ఋణగ్రస్తుడు ధర్మమునుండి వెలివేయబడినవాడు కాడు. పుచ్చుకొన్నదానిని ఒప్పుకొనుటయు, దానిని తీర్చుటకు నడుము కట్టుటయు ధర్మము. ఒప్పుకొనక దాచుట, ఎగవేయవలెనని తలచుట అధర్మము. బిడ్డ జబ్బునకు చేసిన అప్పు, వాన లేక ఎండిన పంటకు చేసిన అప్పు, పెండ్లిలో నలుగురి మెప్పుకొరకు చేసిన అప్పు, ఇవి పుట్టిన కారణములు వేరు. అయితే తీర్చు మార్గము ఒక్కటే. ఎందుకు చేసితిని అని తన్ను తాను అడుగుకొనుట ఒకసారి అవసరము, పాఠము నేర్చుకొనుటకు. అదే ప్రశ్నను ప్రతిరాత్రియు అడుగుకొనుచు మనస్సును కాల్చుకొనుటవలన అసలులో ఒక్క రూపాయియు తగ్గదు.

కోటి రూపాయల అప్పు, ఒక చిరిగిన కాగితము

వంగదేశమున జరిగిన ఒక వృత్తాంతము ఇచట స్మరింపదగినది. రవీంద్రనాథ ఠాకూరు తండ్రియగు దేవేంద్రనాథుడు యౌవనమున ఒకనాడు ఏదో సంస్కృత గ్రంథమునుండి చిరిగిన కాగితము గాలికి ఎగిరి తన యెదుట పడగా చూచెను. దాని అర్థము తనకు తెలియకపోగా పండితుడగు రామచంద్ర విద్యావాగీశునిచేత చెప్పించుకొనెను. అది ఈశావాస్యోపనిషత్తులోని మొదటి మంత్రము. జగత్తంతయు ఈశ్వరునిచే నిండియున్నదనియు, త్యాగముతోనే అనుభవింపవలెననియు, పరుల ధనమును ఆశింపరాదనియు దాని సారము. ఆ వాక్యము ఆయన జీవితమును మలుపు త్రిప్పెను.

ఆయన తండ్రి ద్వారకానాథుడు కలకత్తాలో ఐశ్వర్యమునకు, విలాసమునకు, దాతృత్వమునకు పేరుమోసినవాడు. 1846 లో ఆయన లండనులో కన్నుమూసెను. 1848 లో ఆయన స్థాపించిన కార్ ఠాకూర్ వ్యాపారసంస్థ మూతపడెను. తీర్చవలసిన అప్పులు సుమారు కోటి రూపాయలుగా తేలినవి. ఆ కాలపు కోటి! అయితే తండ్రి ముందుచూపుతో కొన్ని ఆస్తులను కుమారుల పేర ట్రస్టుగా వ్రాసి పెట్టియుండెను. చట్టప్రకారము ఋణదాతలు వానిని తాకజాలరు. దేవేంద్రనాథుడు ఋణదాతలను సమావేశపరచి ఆ రక్షిత ఆస్తిని సైతము వారి యెదుట పెట్టెను. ఆ నిజాయితీకి వారి హృదయములు కరగినవి. తుదకు ఆస్తి నిర్వహణ ఆయన చేతనే పెట్టి, క్రమముగా అప్పు తీర్చుకొనుటకు వారు అంగీకరించిరి.

ఆ పిమ్మట ఇంటి వ్యయములు కోసివేయబడినవి. పరిచారకుల సంఖ్య తగ్గెను, గుఱ్ఱములు, బండ్లు వేలమునకు పోయినవి, భోజనము సాదా అయ్యెను. విశేషమేమనగా దేవేంద్రనాథుడు దీనిని దుర్దినమని భావింపలేదు. వైరాగ్యము కావలెనని తాను కోరియుండగా, అది ఈ రూపమున ఇంటికే నడచి వచ్చినదని సంతోషించెను. అప్పులు తీరుటకు చాల యేండ్లు పట్టినవి. ధర్మకార్యమునకు తండ్రి వాగ్దానము చేసి చెల్లింపక పోయిన లక్ష రూపాయలను సైతము ఆయన వడ్డీతో చెల్లించెను. లోకము ఆయనను మహర్షి యని పిలిచినది.

ఈ కథలోని ధనము పెద్దది, కాని అందలి సూక్ష్మము చిన్న సంసారికిని వర్తించును. పరధనమును ఆశింపకుమన్న మాటను దేవేంద్రనాథుడు దొంగతనము మానుమను అర్థముననే తీసికొనలేదు. ఋణదాతకు చెందవలసిన సొమ్ము తన చేతిలో నున్నంతకాలము అదియు పరధనమే యని గ్రహించెను. ఈ యొక్క దృష్టి కుదిరినచో పొదుపు బాధగా తోచదు. పండుగకు పట్టుచీర కొనకుండుట లేమివలన కలిగిన దుఃఖము గాక, పరధనమును తాకని వ్రతమగును. పని అదియే, చేయు మనస్సు మారినది.

ముతకబియ్యము, ముతకబట్ట

ఇక శ్రీరామకృష్ణ పరమహంసుల ప్రియశిష్యుని జీవితమున చూడవలెను. 1884 ఫిబ్రవరిలో నరేంద్రనాథుని తండ్రి విశ్వనాథ దత్తు హఠాత్తుగా మరణించెను. ఆయన హైకోర్టు అటార్నీ, బాగుగా ఆర్జించినవాడు, ఆర్జించినదానికంటె ఎక్కువ వెచ్చించినవాడు. ఆయన పోయిన పిమ్మట గాని ఇంటివారికి అప్పుల సంగతి తెలియలేదు. నిన్నటి మిత్రులు ముఖము చాటువేసిరి, జ్ఞాతులు ఇంటిపై వ్యాజ్యము తెచ్చిరి. తల్లియు తమ్ములు చెల్లెండ్రును ఆకలితో నుండగా నరేంద్రుడు ఎండలో, కాళ్లకు చెప్పులు లేక, ఆఫీసు వెంట ఆఫీసు ఉద్యోగమునకై తిరిగెను. ఇంట బియ్యము చాలదని గ్రహించిన దినములలో బయట భోజనమునకు పిలుపున్నదని చెప్పి వెడలిపోవుచుండెను. వెనుక లోకమును కదలించిన వివేకానందుడు ఈ దుఃఖమును పుస్తకములలో చదివి తెలిసికొన్నవాడు కాడు.

తన కుటుంబపు బాధ తొలగునట్లు జగన్మాతను వేడుమని ఆయన గురుదేవుని ప్రార్థించెను. నీవే వెళ్లి అడుగుమని గురుదేవులు పంపిరి. దక్షిణేశ్వరమున కాళికాలయమునకు ఆ రాత్రి నరేంద్రుడు మూడు పర్యాయములు వెళ్లెను. మూడు పర్యాయములును ధనమడుగుటకు నోరు రాక వివేక వైరాగ్యములను, జ్ఞాన భక్తులనే అడిగి తిరిగివచ్చెను. చివరకు గురుదేవులు అనుగ్రహించి, నీ వారికి సామాన్యమైన అన్నవస్త్రములకు లోటుండదని అభయమిచ్చిరి.

ఈ అభయమును శ్రద్ధగా పరిశీలింపవలెను. అప్పులన్నియు రాత్రికి రాత్రి మాయమగునని గురుదేవులు చెప్పలేదు. పోయిన వైభవము తిరిగివచ్చునని చెప్పలేదు. ముతకబియ్యము, ముతకబట్ట, వానికి మాత్రము లోటుండదని చెప్పిరి. నరేంద్రుడు ఆ వరమును నమ్మి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అటార్నీ ఆఫీసులో పని చేసెను, పుస్తకములు అనువదించెను, కొంతకాలము విద్యాసాగరుని పాఠశాలలో పాఠములు చెప్పెను. దైవానుగ్రహము అవసరమునకు హామీ యిచ్చినది, ఆడంబరమునకు ఇయ్యలేదు. అప్పు తీర్చు సంసారి తన యింటి వ్యయమునకు గీయవలసిన గీత ఇదియే. కడుపునకు అన్నము, ఒంటికి బట్ట, రోగమునకు మందు, బిడ్డలకు చదువు గీతకు ఈవల నుండును. తక్కినవన్నియు అప్పు తీరువరకు గీతకు ఆవల వేచియుండవచ్చును.

శ్రీ శారదామాత జీవితమున ఈ గీత మరింత స్పష్టముగా కనిపించును. 1886 లో గురుదేవులు మహాసమాధి చెందిన పిమ్మట ఆమె కామారపుకూరులో ఒంటరిగా కొంతకాలము నివసించెను. పారతో నేల త్రవ్వి ఆకుకూరలు పండించుకొని, వండిన అన్నమును ఆ కూరతోనే తినెను. కూరలో ఉప్పు సైతము లేని దినములు కలవు. ఎవ్వరి యెదుటను ధనమునకై చేయి చాపవద్దనియు, కూరాకుతో అన్నము తిని హరినామము చేసికొనుమనియు గురుదేవులు ఆమెకు చెప్పియుండిరి. యక్షునకు ధర్మరాజు చెప్పిన సమాధానమును ఆ తల్లి కామారపుకూరు పెరటిలో జీవించి చూపినది.

భక్తుడు తెలివితక్కువవాడు కానక్కరలేదు

ఆధ్యాత్మిక చింతన కలవారిలో కొందరు లెక్కలు చూచుకొనుట లౌకికమని తలచుదురు. గురుదేవుల అభిప్రాయము వేరు. యువశిష్యుడగు యోగీంద్రుడు, వెనుక స్వామి యోగానందుడైనవాడు, ఒకసారి అంగడిలో ఇనుపమూకుడు కొని తెచ్చెను. వర్తకుని మాట నమ్మి పరీక్షింపలేదు. ఇంటికి తెచ్చి చూడగా అది పగిలియున్నది. గురుదేవులు ఆతనిని గట్టిగా మందలించిరి. భక్తుడవైనంతమాత్రమున మోసపోవలెనా? నాలుగు కొట్లలో ధర తెలిసికొని, వస్తువును పరీక్షించి, కొసరు వచ్చుచోట కొసరు కూడ అడిగి తీసికొనవలెనని వారి బోధ. ధనమును చేతితో తాకజాలని మహాత్ముడే ఇట్లు చెప్పినప్పుడు, జమాఖర్చులు వ్రాసికొనుట సాధనకు విరుద్ధమని తలచుటకు తావు లేదు.

కావున మొదటి పని, ఉన్న అప్పులన్నియు ఒక కాగితముపై వ్రాయుట. ఎవరికి, ఎంత అసలు, ఎంత వడ్డీ, ఏ వాయిదా, ఏమి తాకట్టు, ఎవరు హామీ అనునవి వ్రాయవలెను. దీనికి ధైర్యము కావలెను, ఏలయన చాలమంది తమ అప్పు ఎంతయో తామే సరిగా ఎరుగరు. తెలియని అప్పు చీకటిలోని పాము వంటిది, దీపము వెలిగించి చూచినచో దాని పొడవు తెలియును. ఈ కాగితమును భార్యాభర్తలు కలిసి వ్రాయవలెను. ఇంటియజమాని ఒక్కడే మోయుచు, ఇల్లాలికి తెలియనీయక, మరల అప్పు చేసి ఇల్లు నడుపుట పరిపాటి. ఆ ప్రేమ చివరకు ఇద్దరిని ముంచును. వయస్సు వచ్చిన బిడ్డలకు సైతము తగినంత చెప్పుట మంచిది. ఇంటి స్థితి తెలిసిన బిడ్డ కోరికను తానే తగ్గించుకొనును, తెలియని బిడ్డ తండ్రికి ప్రేమ తగ్గినదని తలచును.

రెండవది, వడ్డీని అర్థము చేసికొనుట. నూటికి నెలకు మూడు రూపాయలన్నచో చెవికి చిన్నదిగా వినిపించును, అది ఏడాదికి నూటికి 36. అట్టి వడ్డీకి ఒక సంసారి 50,000 రూపాయలు తెచ్చెననుకొందము. నెలకు వడ్డీ 1,500 మాత్రమే కట్టుచున్నచో పదేండ్లలో 1,80,000 రూపాయలు చెల్లించియు అసలు 50,000 అట్లే నిలిచియుండును. నెలకు 2,000 కట్టినచో అప్పు తీరుటకు 47 నెలలు పట్టును. నెలకు 3,500 కట్టగలిగినచో 19 నెలలలో తీరిపోవును. నెలకు 1,500 అధికముగా కట్టుటవలన 28 నెలల బంధనము తొలగినది. ఇంట ఒక చిన్న నిగ్రహమునకు ఎంత ఫలము కలదో ఈ లెక్క చెప్పుచున్నది.

దీనినిబట్టి క్రమము ఏర్పడును. అన్ని అప్పులకును తప్పనిసరి వాయిదా కట్టుచు, మిగిలిన ప్రతి రూపాయిని అధిక వడ్డీ గల అప్పుపై వేయవలెను. అది తీరిన పిమ్మట దానికి కట్టుచుండిన సొమ్మును తరువాతి అప్పునకు మరలింపవలెను. పెట్టెలో నిద్రించు నగ ఒకటి అమ్మినచో అధిక వడ్డీ తీరునట్లయినచో, దానిని అమ్ముటకు సంకోచింపనక్కరలేదు. నగ మరల కొనవచ్చును, కట్టిన వడ్డీ మరల రాదు. బంధువు వడ్డీ లేక ఇచ్చిన చేబదులును చివరకు నెట్టుట సహజము. అచట వడ్డీ లేకున్నను స్నేహము కలదు. నెలకు కొలదిగానైనను ఇచ్చుచు, ఆలస్యమునకు కారణము చెప్పుచున్నచో ఆ స్నేహము నిలుచును. చెల్లించిన ప్రతిసారియు రసీదు పుచ్చుకొనవలెను. ప్రామిసరీ నోటు అయినచో దాని వెనుక చెల్లు వ్రాయింపవలెను, పూర్తిగా తీరిననాడు నోటును తిరిగి తీసికొనవలెను. నమ్మకమునకు ఇది లోపము కాదు. ఉభయులకును రేపటి కలహమును తప్పించు జాగ్రత్త.

మూడవది, క్రొత్త అప్పు చేయకుండుట. ఒక అప్పు తీర్చుటకు అంతకంటె ఎక్కువ వడ్డీకి మరొక అప్పు చేయుట గోయి పూడ్చుటకు ప్రక్కనే పెద్దగోయి త్రవ్వుట వంటిది. నేడు ఫోనులో క్షణములో దొరకు అప్పులు కలవు. అంత సులభముగా వచ్చునది అంత సులభముగా పోదు. నెలకు ఎంత చిన్నదైనను ఒక మొత్తమును ఆపదకొరకు ప్రక్కన పెట్టుట కూడ ఇందులో భాగమే. ఆ నిధి లేనిచో బిడ్డకు జ్వరము వచ్చిన మరునాడే మరల వడ్డీవ్యాపారి గుమ్మము ఎక్కవలసివచ్చును.

అవమానమును ఎట్లు సహింపవలెను?

లెక్కలు చక్కబడినను మనస్సు వెంటనే చక్కబడదు. వాకిట అడుగుల చప్పుడైనచో గుండె కొట్టుకొనును. పెండ్లిపిలుపు వచ్చినచో ఏమి చదివింపవలెనను చింత. తోటివారి ఇండ్లను చూచి అసూయ. ఈ బాధలలో చాలభాగము దాచుటవలన కలుగును. ఋణదాత కనిపించునని వీధి మార్చి నడచువాడు ఆ దినమంతయు ఆతనినే ధ్యానించుచుండును. ఆతని వద్దకు తానే వెళ్లి, ఈ నెల ఇంతే ఇయ్యగలను, మిగిలినది ఫలానా నాటికి ఇత్తునని చెప్పినవాడు తేలికపడిన గుండెతో ఇంటికి వచ్చును. చేయగలిగినంత మాటే ఇయ్యవలెను. పెద్ద మాట ఇచ్చి తప్పుటకంటె చిన్న మాట ఇచ్చి నిలుపుకొనుట సత్యవ్రతము. కలియుగమున సత్యమే తపస్సని గురుదేవులు బోధించిరి. నెలనెల వాయిదా కట్టు సంసారికి ఆ తపస్సు చేయుటకు హిమాలయములు అక్కరలేదు.

చేయగలిగినదంతయు చేసినను తీర్చలేని స్థితి కొందరికి వచ్చును. దానికి చట్టమున దివాలా అను మార్గము కలదు. దానిని ఆశ్రయించుట కూడ పాతకము కాదు. దేశబంధు చిత్తరంజన దాసు తండ్రితోపాటు 1906 లో దివాలా ప్రకటింపవలసివచ్చెను. న్యాయవాదిగా ఆర్జన పెరిగిన పిమ్మట, చట్టము బలవంతపెట్టకున్నను 1913 లో ఆ పాత అప్పులను తీర్చెను. పడినవాడు పడియేయుండునని ఎవ్వరును శాసింపలేదు.

అప్పు ఇచ్చినవానికిని ధర్మము కలదు. ఒకేసారి పుచ్చుకొను సొమ్ము అసలునకు రెట్టింపును మించరాదని మనుస్మృతి నియమించినది. జూదమునకు, త్రాగుడునకు తండ్రి చేసిన అప్పు కొడుకునకు అంటదనియు అదియే చెప్పినది. హరిశ్చంద్రుడు అప్పు తీర్చుటకు ఆలుబిడ్డలను, తన్నును కాశీలో అమ్ముకొన్న కథ తెలుగువారికి కంఠస్థము. అందు గ్రహింపవలసినది సత్యనిష్ఠ. ఆలుబిడ్డల అమ్మకము అనుకరింపదగినది కాదు. మనిషిని అప్పునకు తాకట్టు పెట్టుటను 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నిషేధించినది. బ్యాంకుల, ఆర్థికసంస్థల వసూలుదారులు ఉదయము 8 గంటలకు ముందును సాయంత్రము 7 గంటల తరువాతను ఫోను చేసి పీడింపరాదని 2022 లో రిజర్వుబ్యాంకు ఆదేశించినది. బెదిరించువానికి లొంగి వణకనక్కరలేదు. పోలీసులకు చెప్పవచ్చును, తెలిసినవారి తోడు తీసికొనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. అప్పుల బాధతో ప్రాణము తీసికొన్న రైతుల, కూలీల, చిన్న ఉద్యోగుల వార్తలు ఈ తెలుగునేలపై ఎన్నో వినబడినవి. ప్రాణము ఏ నోటులోను తాకట్టు పెట్టబడలేదు. ఋణదాతకు బాకీ పడినది ధనము. ప్రాణము ఈశ్వరుని సొమ్ము, దానిని ధనపు బాకీ క్రింద చెల్లించు అధికారము ఎవ్వనికిని లేదు. పోయినవాని అప్పు పోదు, అది వాని ఆస్తిపై నిలుచును. దుఃఖము మాత్రము ఆలుబిడ్డలపై రెట్టింపగును. అట్టి తలపు ఒక్కసారి వచ్చినను దానిని ఒంటరిగా మోయరాదు. ఇంటివారికో, మిత్రునకో, పెద్దలకో వెంటనే చెప్పవలెను. కేంద్రప్రభుత్వము 2022 లో ఏర్పరచిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. సహాయము అడుగుట దైన్యము కాదు, దేవుడు మనుష్యుల చేతులతోనే పనిచేయును. పొరుగువాని ముఖమున ఆ చీకటిని గుర్తించినవాడు తానే ముందుగా పలుకరించుట గొప్ప సేవ. అప్పు తీర్పలేకున్నను ప్రక్కన కూర్చుండగలడు.

ప్రార్థన ఏమి చేయును?

భద్రాచల రామదాసు సర్కారునకు కట్టవలసిన సొమ్మును ఆలయమునకు వెచ్చించి గోలకొండ చెరసాలలో మ్రగ్గగా, రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల వరహాలు చెల్లించిరని తెలుగునాట ప్రతి బాలునకు తెలిసిన కథ. ఆ కథ విని, నా అప్పును కూడ రాముడే తీర్చునని లాటరీటికెట్టు కొనువారు కలరు. రామదాసు చెరలోనున్న పండ్రెండేండ్లును కూడ ఆ కథలోనే యున్నవని వారు మరతురు. ఆ యేండ్లను ఆతడు రామనామముతో గడపెను. కీర్తనలలో స్వామిని నిలదీసెను, అలిగెను, వేడెను, విడువలేదు. వరహాలు వచ్చినది ఒక్క రాత్రి, నామము నిలిచినది పండ్రెండేండ్లు.

ప్రార్థన అప్పును మాయము చేయు మంత్రము కాదు. అది చేయి వణకకుండ లెక్క వ్రాయు బలమును, అవమానమున కోపింపని ఓర్పును, మంచి నెలలో పొంగి ఖర్చు చేయని వివేకమును ఇచ్చును. ప్రొద్దుట కాసేపు జపము, రాత్రి ఆనాటి జమాఖర్చు వ్రాసి దేవుని పటము ముందర ఉంచి నమస్కరించుట, ఈ రెండును కలిపి చేసిన గృహస్థునకు తన ఆర్జన తనది గాదను భావము మెల్లగా కుదురును. ధనవంతుని యింటి దాసి ఆ యింటి వస్తువులన్నిటిని భద్రముగా చూచుచు, తన మనస్సును తన పల్లెలోని యింటిపైనే ఉంచినట్లు సంసారి మెలగవలెనని గురుదేవులు ఉపదేశించిరి. పరుల సొమ్మును జాగ్రత్తగా చూచి, లెక్క ఒప్పజెప్పుట దాసి చేయు పనియే. అప్పు తీర్చువానికి ఆ ఉపదేశము అక్షరాలా వర్తించును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. అప్పున్నవానికి అది తీరువరకు సుఖము లేదా? ఉన్నది. తన అప్పును దాచుట మానిన నాడు సగము ఋణము మనస్సునుండి దిగిపోవును. పరధనమును తాకను అని నిశ్చయించుకొన్ననాడు ఇంటిలోని కూరాకు రుచి మారును. మిగిలినది కాలమునకు, కష్టమునకు, నెలనెల చెల్లునకు సంబంధించిన పని. చివరి చెల్లు వ్రాయించుకొని నోటు చేత పట్టుకొని ఇంటికి వచ్చు దినము తప్పక వచ్చును. ఆనాటికి ఆ సంసారి వద్ద అప్పు లేకపోవుటయే గాక, పొదుపు, సత్యము, ఓర్పు అను మూలధనము మిగిలియుండును. ఋషులకు, దేవతలకు, పితరులకు బాకీపడిన తక్కిన ఋణములను తీర్చుటకు అదియే పెట్టుబడి.

ముతకబియ్యమునకు లోటులేకుండ చూచు జగన్మాత, భారము మోయుచున్న ప్రతి గృహస్థునకు ఆ ధైర్యమును ప్రసాదించుగాక.